ఆన్‌లైన్ పాఠాలను ఒకసారి ఫోన్‌లో తెరిచి చూడండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండళ్లకు ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెండు మండళ్ల ఛైర్మన్లకు, సభ్యులకు, కార్యదర్శులకు నమస్కారం.

నేను డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెబుతాను. తరగతిలో చెప్పడంతో పాటు ఆన్‌లైన్ కోర్సులకు పాఠాలు రాస్తాను. తోటి అధ్యాపకులు రాసిచ్చిన పాఠాలను సరిచేసి ఎల్ఎంఎస్‌లో, అంటే ఆన్‌లైన్ కోర్సులను నడిపే సాఫ్ట్‌వేర్‌లో, పెట్టే పనీ చూస్తాను. ఆ పని చేస్తూ గమనించిన సంగతులు మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా విన్నపాలు రెండు. ఏ ఆన్‌లైన్ కోర్సుకైనా ఆమోదం ఇచ్చే ముందు అందులోని ఒక పాఠాన్ని మామూలు ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదవండి. చదవడం కష్టమైతే ఆ పాఠం ఇంకా తయారు కాలేదనే లెక్క వేయండి. రెండోది, ఆ పాఠాన్ని ఏటేటా చూసుకోవాల్సింది ఎవరు, అందుకు వాళ్లకు ఎన్ని గంటలు కేటాయించారు అన్నది కోర్సు కాగితాల్లోనే రాయించండి.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. మా దగ్గరికి వచ్చే ప్రొఫార్మాల్లో ఎన్ని యూనిట్లు ఎక్కించారు, ఎన్ని వీడియోలు తీశారు, ఎన్ని క్విజ్‌లు పెట్టారు అనే గడులుంటాయి. ఆ గడులు నిండితే పని పూర్తయినట్టే. ఎక్కించిన ఫైలు ఏ రూపంలో ఉంది, అవతల ఉన్న అమ్మాయి దాన్ని తెరవగలిగిందా, తెరిచాక అక్షరాలు కనిపించాయా అని అడిగే గడి ఉండదు. అడగని దాని మీద ఎవరూ సమయం పెట్టరు. అధ్యాపకుల్లో శ్రద్ధ లేక కాదు, మాకు ఇచ్చే గడువులు ఆ గడుల కోసమే ఉంటాయి.

మా విద్యార్థుల్లో ఎక్కువమందికి కంప్యూటర్ లేదు. ఉన్నది ఒక ఫోను, అదీ కొన్ని ఇళ్లలో అన్నాచెల్లెళ్లు పంచుకునేది. మేం ఎక్కించే పాఠాల్లో ఎక్కువ భాగం ఏ4 కాగితం కొలతకు తయారైన పీడీఎఫ్‌లు. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఫోన్ తెర వెడల్పు దాదాపు 70. అంటే పేజీ మొత్తం తెరలో పట్టాలంటే మూడో వంతుకు కుంచించుకుపోవాలి. కాగితం మీద 12 పాయింట్లున్న అక్షరం తెర మీద 4 పాయింట్లు అవుతుంది. తెలుగు అక్షరానికి పైన గుణింతం, కింద ఒత్తు ఉంటాయి. ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు. 4 పాయింట్లలో ‘ష్ట’కూ ‘ష్ఠ’కూ తేడా కనబడదు. కనుక పిల్లలు రెండు వేళ్లతో పేజీని సాగదీస్తారు. సాగదీస్తే వాక్యం తెర దాటిపోతుంది. ప్రతి పంక్తికీ కుడికి జరిపి, మళ్లీ ఎడమకు లాగి, ఎక్కడ ఆగామో వెతుక్కుని చదవాలి. ఇరవై పేజీల యూనిట్‌ను ఇలా చదవమంటే నాలుగో పేజీకి ఎవరైనా ఆపేస్తారు. తర్వాత మేం స్టాఫ్ రూములో కూర్చుని ఈ తరం పిల్లలు చదవడం లేదని బాధపడుతుంటాం.

అదే పాఠాన్ని ఎల్ఎంఎస్‌లో వెబ్ పేజీగా పెడితే పంక్తి దానంతట అదే తెర వెడల్పుకు ఒదిగిపోతుంది. అక్షరం పెద్దది కావాలనుకుంటే పెంచుకోవచ్చు, పంక్తులు మళ్లీ సర్దుకుంటాయి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. చాలా కాలేజీల్లో వాడే ఎల్ఎంఎస్ మూడుల్, 2002 నుంచి ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్. అందులో ‘పేజ్’, ‘బుక్’ అని రెండు సదుపాయాలున్నాయి. పాఠాన్ని వాటిలో రాయొచ్చు, అతికించొచ్చు. మేం ఎక్కువగా వాడేది ఫైలు ఎక్కించే మూడో దారి. అది రెండు నిమిషాల్లో అయిపోతుంది కనుక.

ఫైలు ఎక్కించడంలోనూ మంచి ఫైలు, చెడ్డ ఫైలు ఉన్నాయి. అన్నిటికన్నా చెడ్డది స్కాన్ చేసిన నోట్సు. అది చూడటానికి పాఠంలా ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం వరుసగా పేర్చిన ఫోటోలు. అందులో ‘ద్రవ్యోల్బణం’ అని వెతికితే ఏమీ దొరకదు. ఒక నిర్వచనాన్ని ఎత్తి తన నోట్సులో పెట్టుకోవాలంటే విద్యార్థికి వీలుపడదు. చూపు లేని విద్యార్థికి ఆ ఫైలు ఖాళీ కాగితంతో సమానం. దాని తర్వాతి స్థానం పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠాలది. అను లాంటి ఫాంట్లు అచ్చు కోసం తయారైనవి, తెలుగు ముద్రణకు అవి చేసిన మేలు పెద్దది. అయితే వాటిలో తెలుగు అక్షరాల వెనుక ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల సంకేతాలు. ఆ ఫాంటు లేని చోట అతికిస్తే తెలుగు మాయమై అర్థం లేని గుర్తుల వరుస మిగులుతుంది. ప్రతి భాష అక్షరాలకూ వాటి సొంత సంకేతాలిచ్చే అంతర్జాతీయ ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు స్థానం 1991 లోనే దొరికింది. పోతన, వేమన, మండలి, సురవరం, గిడుగు, నోటో ఇలా ఉచితంగా వాడుకోదగ్గ యూనికోడ్ ఫాంట్లు ఎన్నో ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా యూనివర్సిటీ స్థాయి పాఠం వెతకడానికి వీల్లేని రూపంలో విద్యార్థి చేతికి వెళ్లడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి. మార్చిన తర్వాత మనిషి కూర్చుని చదవాల్సిందే, ఒత్తులూ గుణింతాలూ అక్కడక్కడ చెదిరిపోతాయి. ఆ చదివే పనికి ఎవరూ గంటలు ఇవ్వరు. అక్కడే చాలా పాఠాలు ఆగిపోయాయి.

డేటా సంగతీ చూడండి. వెబ్ పేజీల్లో యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు అక్షర సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది. 20,000 సంకేతాలున్న పెద్ద పాఠమైనా దాదాపు 60 కిలోబైట్లు. అదే పాఠాన్ని 20 పేజీలుగా స్కాన్ చేసి పేజీకి అర మెగాబైటు వేసుకున్నా 10 మెగాబైట్లు, అంటే 150 రెట్లకు పైగా. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో, రోజు డేటా అయిపోయిన రాత్రి పూట 60 కిలోబైట్ల పేజీ తెరుచుకుంటుంది. 10 మెగాబైట్ల ఫైలు తిరుగుతూనే ఉంటుంది.

పీడీఎఫ్ వద్దని నేను అనడం లేదు. విద్యార్థులే పీడీఎఫ్ అడుగుతారు, అది నిజం. ఫోన్‌లో దాచుకోవచ్చు, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోవచ్చు, పరీక్ష ముందు రోజు నెట్ లేకపోయినా ఉంటుంది. కనుక అదీ ఇవ్వాలి. అసలు పాఠం వెబ్ పేజీగా ఉండి, దాని నుంచి తీసిన పీడీఎఫ్ పక్కన ఉంటే సరి. మూడుల్ ఫోన్ యాప్‌లో పాఠాన్ని ముందే దింపుకుని నెట్ లేకుండా చదివే వీలుంది. ఆ సంగతి విద్యార్థులకు మొదటి వారంలోనే చేసి చూపించాలి. కాపీ కొడతారన్న భయంతో కొందరు కావాలనే స్కాన్లు పెడుతున్నారు. అసైన్‌మెంటులో నకలు రాయదలచినవాడు స్కాన్‌ను చూసి కూడా రాస్తాడు. ఆ జాగ్రత్తకు మూల్యం చెల్లించేది నిజాయితీగా చదువుకునేవాళ్లే.

శీర్షికల గురించి ఇప్పుడు చెప్పాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, పాఠాలు సరిచేసేటప్పుడు నా సమయం ఎక్కువగా పోయేది దీని మీదే. శీర్షిక రాయమంటే మనం అక్షరాలను పెద్దవి చేసి, బోల్డ్ కొట్టి, రంగు వేస్తాం. కంటికి అది శీర్షిక. ఎల్ఎంఎస్‌కూ, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కూ అది లావుగా ఉన్న మామూలు వాక్యం. ఎడిటర్‌లో ‘హెడింగ్’ అనే ఎంపిక ఉంటుంది. దాన్ని వాడితే ఆ పంక్తి నిజంగా శీర్షిక అవుతుంది. వర్డ్‌లో ఒక్క నొక్కుతో విషయసూచిక తయారవుతుంది. చూపు లేని విద్యార్థి ఫోన్‌లోని టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లోని ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకుతూ తనకు కావాల్సిన భాగం దగ్గర ఆగగలుగుతాడు. అది లేకపోతే ‘ఉపాంత ప్రయోజనం’ దగ్గరికి చేరడానికి పాఠమంతా మొదటి నుంచి వినాలి. నేర్చుకోవడానికి ఒక పూట చాలే విషయం ఇది. అయినా ఆన్‌లైన్ బోధన మీద జరిగే ఓరియెంటేషన్ కార్యక్రమాల్లో కెమెరా ముందు ఎలా నిలబడాలో చెబుతున్నారు, శీర్షిక ఎలా పెట్టాలో చెప్పడం లేదు.

ఒక పేజీలో ఎంత ఉండాలన్న దాని మీద అధ్యాపకుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. యూనిట్ మొత్తాన్ని ఒకే పొడవాటి పేజీలో పెట్టేవాళ్లున్నారు, పేరాకో పేజీ చేసి పదిహేనుసార్లు ‘తర్వాత’ నొక్కించేవాళ్లున్నారు. నా అనుభవంలో ఒక భావన, దాని ఉదాహరణ, దాని మీద రెండు మూడు ప్రశ్నలు ఒక పేజీలో ఉంటే పిల్లలు పూర్తి చేస్తారు. ప్రశ్నలు పాఠం మధ్యలోనే ఉండాలి. యూనిట్ చివర కుప్పగా పోసిన ఇరవై ప్రశ్నల్ని మార్కుల కోసం నొక్కుకుంటూ పోతారు.

ఒంటరిగా చదువుకునే మనిషి కోసం పాఠం రాయడం మన తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పుట్టింది, ఈరోజు అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో నడుస్తోంది. పగలు పనికి వెళ్లి రాత్రి చదువుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని పాఠం రాయడం ఇక్కడ నాలుగు దశాబ్దాలుగా సాగుతున్న పని. ఆ అనుభవం ఉన్న అధ్యాపకులు, రిటైరైనవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి ఆన్‌లైన్ పాఠానికి ఒక నమూనా తయారు చేయించవచ్చు.

అర్థశాస్త్రం చెప్పేవాళ్లకు బొమ్మ లేనిదే పాఠం లేదు. డిమాండ్ రేఖ, సప్లయి రేఖ, ఉదాసీనతా వక్రరేఖలు. వీటిని బోర్డు మీద గీసి ఫోన్‌తో ఫోటో తీసి పాఠంలో పెట్టడం మామూలైపోయింది. ఆ ఫోటోకు పక్కన రాసే వివరణ, అంటే స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది, చాలా పాఠాల్లో ఖాళీగా ఉంటుంది, లేదంటే ‘చిత్రం 3’ అని ఉంటుంది. చూపు లేని విద్యార్థికి అక్కడ వినబడాల్సింది వేరు: ‘నిలువు అక్షం మీద ధర, అడ్డ అక్షం మీద డిమాండ్ పరిమాణం, రేఖ ఎడమ నుంచి కుడికి కిందికి వాలుతోంది, ధర 10 రూపాయల నుంచి 8కి తగ్గితే డిమాండ్ 20 యూనిట్ల నుంచి 30కి పెరిగింది.’ ఇలా రెండు వాక్యాలు రాయడం మొదలుపెట్టాక ఇంకొకటి అర్థమైంది. ఈ వివరణలు చూపున్న పిల్లలకూ పనికొస్తున్నాయి, వాటిని బొమ్మ కింద అందరికీ కనిపించేలా పెడుతున్నాను. రంగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ‘ఎర్ర గీత పాత సప్లయి, ఆకుపచ్చ గీత కొత్త సప్లయి’ అని రాస్తే ఆ రెండు రంగులకు తేడా తెలియని విద్యార్థి అక్కడే ఆగిపోతాడు. గీత పక్కనే పేరు రాస్తే చాలు.

పట్టికలను ఫోటోలుగా పెట్టకూడదు. ఎనిమిది నిలువు వరుసల జాతీయాదాయ పట్టిక ఫోన్ తెరలో పట్టదు, దాన్ని రెండు మూడు చిన్న పట్టికలుగా విడగొట్టాలి. సూత్రాలను కూడా అక్షరాలుగానే ఇవ్వవచ్చు. గణిత సూత్రాలు రాసే సదుపాయం మూడుల్‌లో ముందే ఉంది.

ఇవన్నీ నా ఇష్టాయిష్టాలు కావు. వెబ్ ప్రమాణాలను రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం, వెబ్ పేజీలు దివ్యాంగులకూ అందేలా ఉండాలని 2018లో ప్రచురించిన డబ్ల్యూసీఏజీ 2.1 మార్గదర్శకాల్లో ఉన్నవే. తెర ఇరుకైనా మామూలు పాఠ్యాన్ని పక్కకు జరపకుండా చదవగలగాలని, అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని, బొమ్మకు మాటల్లో ప్రత్యామ్నాయం ఉండాలని అవి చెబుతాయి. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలకూ ఇవే ఆధారం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సమాచారం అందరూ అందుకోగలిగిన రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని అందులోని 42వ సెక్షన్ చెబుతోంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు మరింత ముందుకు వెళ్లి, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆ కేసు బ్యాంకుల కేవైసీ పద్ధతుల గురించి వచ్చింది. పరీక్షకు కూర్చునే అర్హత ఏ పాఠం మీద ఆధారపడి ఉందో, ఆ పాఠం అంతకన్నా తక్కువది కాదని నేను నమ్ముతున్నాను.

వీడియోల గురించి కొద్దిగా. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ప్రతి కోర్సుకూ నాలుగు భాగాలు ఉండాలంది: వీడియో, చదువుకునే సామగ్రి, స్వయం పరీక్షలు, చర్చావేదిక. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. అంటే ఈ నాలుగు భాగాల నాణ్యత మీద మన విద్యార్థుల డిగ్రీలే ఆధారపడి ఉన్నాయి. డబ్బూ, స్టూడియో, కెమెరామన్ మొదటి భాగానికి వెళ్తున్నాయి. రెండో భాగానికి చాలాచోట్ల వీడియోలో చూపించిన పీపీటీనే పీడీఎఫ్ చేసి పెడుతున్నారు. పీపీటీలో ఉండేవి అధ్యాపకుడికి గుర్తు రావడానికి రాసుకున్న ముక్కలు. అధ్యాపకుడి గొంతు తీసేస్తే అందులో పాఠం మిగలదు. నలభై నిమిషాల వీడియో చూసే డేటా లేని విద్యార్థికి ఆ రెండో భాగమే మొత్తం కోర్సు. వీడియో కోసం రాసుకున్న స్క్రిప్టు ఎలాగూ ఉంటుంది. దాన్ని కాస్త సవరించి, శీర్షికలు పెట్టి, వీడియో కిందే ఇవ్వాలని నియమం పెట్టండి. వినికిడి లోపం ఉన్న విద్యార్థులకు కూడా అదే దారి.

ఇంతవరకు చెప్పినవి పాఠం రూపం గురించి. నన్ను ఇంతకన్నా ఎక్కువగా బాధపెట్టేది పాఠం ఎక్కించిన తర్వాత దాన్ని పట్టించుకునేవాళ్లు లేకపోవడం.

అచ్చు పుస్తకం బయటికొచ్చాక మళ్లీ ముద్రించే దాకా అలాగే ఉంటుంది, అది దాని స్వభావం. వెబ్ పాఠాన్ని ఈరోజు సవరిస్తే ఈరోజే విద్యార్థికి చేరుతుంది. ఆన్‌లైన్ చదువుకున్న పెద్ద బలాల్లో ఇదొకటి. ఆ బలాన్ని మనం వాడుకోవడం లేదు. జీఎస్టీ పాఠం తీసుకోండి. 2017 జులై 1న జీఎస్టీ మొదలైనప్పుడు 5, 12, 18, 28 శాతాల శ్లాబులు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రధాన శ్లాబులు 5, 18 శాతాలు, కొన్ని విలాస వస్తువులకు, హానికరమైన వాటికి 40 శాతం. నాలుగు శ్లాబుల పాఠాన్ని చదివి, ఇంట్లో కిరాణా బిల్లు చూసుకున్న విద్యార్థి పాఠాన్ని నమ్మాలా, బిల్లును నమ్మాలా? ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ 2015 జనవరి 1న వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, తర్వాత 33 అయ్యాయి. ఇలాంటి మార్పు జరిగిన ప్రతిసారీ ఏ ఏ పాఠాల్లో ఏ ఏ పేజీలు తాకాలో ఎవరికి తెలుసు? తెలిసినా మార్చే అధికారం ఎవరికుంది?

అసలు మార్చాల్సిన పాఠం ఏది అన్నది మరో ప్రశ్న. ప్రతి సెమిస్టర్‌కూ కోర్సును కాపీ చేస్తారు, ప్రతి సెక్షన్‌కూ మళ్లీ కాపీ. నాలుగేళ్లు గడిచేసరికి ఒకే యూనిట్‌కు పది ప్రతులు. ఒకదానిలో తప్పు దిద్దితే మిగతా తొమ్మిదింటిలో ఉండిపోతుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి అదనం. ఫైలు పేర్లు ‘యూనిట్ 2 కొత్తది’, ‘యూనిట్ 2 ఫైనల్’, ‘యూనిట్ 2 ఫైనల్ సవరించినది’. ఏది ఆఖరిదో ఎక్కించినవాళ్లనే అడగాలి. ఆ మేడమ్ బదిలీ అయి ఉంటారు.

దీనికి మందు తెలిసిందే. ప్రతి పాఠానికీ ఒక మూల ప్రతి ఉండాలి. సెమిస్టర్ కోర్సులన్నీ దాని నుంచే రావాలి, దిద్దుబాటు అక్కడే జరగాలి. పాఠం కింద చివరిసారి సవరించిన తేదీ, ఏం మారిందో ఒక వాక్యం ఉండాలి. తెలుగు వికీపీడియాలో ఏ పేజీ తీసుకున్నా ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో మొత్తం చరిత్ర కనిపిస్తుంది. 2003 నుంచి జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పని నడుపుతున్నారు. జీతాలూ సర్వర్లూ ఉన్న మన వ్యవస్థకు అది అందనిది కాకూడదు.

గడువులను పాఠంలోకి రానివ్వకూడదు. ‘వచ్చే సోమవారం లోపు అసైన్‌మెంట్ ఇవ్వాలి’ అని పాఠం మధ్యలో రాసిన వాక్యం మరుసటి ఏడాది పిల్లల్ని కంగారు పెడుతుంది. ప్రిన్సిపాల్ గదికి ఫోన్లు వస్తాయి. తేదీలన్నీ క్విజ్, అసైన్‌మెంట్ సెట్టింగుల్లోనే ఉంటే, కోర్సును రీసెట్ చేసేటప్పుడు కొత్త ప్రారంభ తేదీ ఇవ్వగానే మూడుల్ వాటిని అంతే దూరం ముందుకు జరుపుతుంది. పాఠం మాత్రం ఏ సంవత్సరమైనా చదవగలిగేలా ఉంటుంది. బయటి లింకులదీ అదే కథ. రిజర్వు బ్యాంకు నివేదికకో, గణాంక శాఖ పట్టికకో ఇచ్చిన లింకు రెండేళ్లలో తెరుచుకోకుండా పోవచ్చు. లింకుతో పాటు ఆ నివేదిక పేరు, సంవత్సరం రాస్తే విద్యార్థి వెతుక్కోగలడు. సెమిస్టర్ మొదలయ్యే ముందు వారం లింకులన్నీ ఒకసారి నొక్కి చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

పాఠాలు ఎవరి ఖాతాలో ఉన్నాయన్నది చాలామంది ఆలోచించని విషయం. ఎల్ఎంఎస్‌లో జాగా చాలక చాలామంది తమ సొంత గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు ఇస్తారు. ఆ అధ్యాపకుడు రిటైరైతే, లేదా డ్రైవ్ నిండి పాత ఫైళ్లు చెరిపేస్తే, సెమిస్టర్ మధ్యలో విద్యార్థికి ‘మీకు అనుమతి లేదు’ అని కనిపిస్తుంది. అనుమతి అడిగే ఈమెయిల్ ఎవరూ చూడని పెట్టెకు వెళ్తుంది. పాఠాలన్నీ సంస్థ ఖాతాలో, సంస్థ సర్వర్‌లో ఉండాలి. అదే సమయంలో రాసినవాళ్ల పేరు పాఠం మీద నుంచి ఎప్పుడూ పోకూడదు. గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్ట్ లెక్చరర్లు ఎంతోమంది మంచి పాఠాలు రాసిచ్చారు. కాంట్రాక్ట్ ముగిశాక వాళ్ల పాఠం ఉండి పేరు పోవడం నేను చూశాను. అది అన్యాయం, దాన్ని ఆపే అధికారం మీకుంది. పాఠాన్ని ఎవరెవరు ఎలా వాడుకోవచ్చో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో స్పష్టంగా చెబితే, శ్రీకాకుళంలో రాసిన పాఠాన్ని ఆదిలాబాద్ అధ్యాపకుడు ఎవరి అనుమతీ అడక్కుండా తీసుకుని తన విద్యార్థులకు తగినట్టు మార్చుకోగలడు. సిలబస్‌లు వేరైనా సూక్ష్మ అర్థశాస్త్రం రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కటే. ఒక్కో కాలేజీ విడిగా అదే డిమాండ్ సూత్రాన్ని మళ్లీ మళ్లీ రాసుకోవడంలో పోతున్న శ్రమను పాఠాల నాణ్యత మీద పెట్టవచ్చు.

ఇదంతా ఎవరు చేస్తారు అని మీరు అడుగుతారు, అడగాలి కూడా. 2018 యూజీసీ నిబంధనలు అధ్యాపకుడి పని వారానికి 40 గంటలని, అందులో నేరుగా బోధన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలని చెప్పాయి. ఆన్‌లైన్ పాఠాన్ని సరిచూసే పని ఆ 16లోకి రాదు, టైంటేబుల్‌లో ఎక్కడా కనిపించదు. రాత్రి ఇంట్లో, సెలవు రోజుల్లో జరుగుతుంది, లేదా జరగదు. ఒక ఆన్‌లైన్ కోర్సు బాధ్యత తీసుకున్న అధ్యాపకురాలికి వారానికి రెండు గంటల బోధన తగ్గించి, ఆ రెండు గంటలను పాఠం నిర్వహణ అని టైంటేబుల్‌లో రాయండి. పదోన్నతి లెక్కల్లో కొత్త పాఠానికి ఇచ్చే విలువలో కొంతైనా పాత పాఠాన్ని బాగు చేసినందుకు ఇవ్వండి. జిల్లాకు ఒకరిద్దరు సాంకేతిక సహాయకుల్ని నియమించి చుట్టుపక్కల కాలేజీలకు పంచండి. ఫాంట్లు మార్చడం, బొమ్మలు మళ్లీ గీయడం, పట్టికలు సరిచేయడం వాళ్లు చేస్తారు. విషయం తప్పా ఒప్పా అన్నది అధ్యాపకులు చూసుకుంటారు. కొత్త పాఠాలకు కేటాయించే డబ్బులో కొంత భాగం ఉన్న పాఠాల బాగుకు మళ్లిస్తే ఈ ఖర్చు పెద్ద భారం కాదని నా అభిప్రాయం. ఈ ఒక్క సంవత్సరం కొత్త వీడియోలు తీయడం ఆపినా నష్టం లేదు.

అన్ని కోర్సులూ ఒకేసారి మార్చమని అడగను. వచ్చే సెమిస్టర్‌కు బీఏ మొదటి సంవత్సరంలో ఒక్క పేపర్ తీసుకోండి. దాన్ని పూర్తిగా యూనికోడ్ వెబ్ పేజీలుగా మార్చి, నిజమైన శీర్షికలతో, బొమ్మలకు వివరణలతో, మూల ప్రతి నుంచి నడపండి. చూపు లేని ఇద్దరు ముగ్గురు విద్యార్థుల్ని, చిన్న ఫోన్లు వాడే పదిమందిని ముందుగా కూర్చోబెట్టి చదివించండి, వాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి, దిద్దిన తర్వాతే మిగతా కాలేజీలకు ఇవ్వండి. సెమిస్టర్ చివర ఎంతమంది పాఠం చివరి పేజీ దాకా వచ్చారో ఎల్ఎంఎస్ చెబుతుంది. ఆ సంఖ్యను పాత పద్ధతిలో నడిచిన పేపర్‌తో పోల్చి చూడండి, ఫలితాన్ని అందరికీ ప్రకటించండి.

ఆ మొదటి పేపర్ అర్థశాస్త్రం అయితే నేను రాసిన యూనిట్లను మూల ఫైళ్లతో సహా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. మరే సబ్జెక్టు ఎంచుకున్నా పాఠాలు సరిచూసే పనికి వస్తాను. ఈ పని మీద మనసున్న సహోద్యోగులు కొందరున్నారు, వాళ్లూ వస్తారు. ఎప్పుడు, ఎక్కడికి రావాలో చెప్పండి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక డిగ్రీ కాలేజీ అర్థశాస్త్ర అధ్యాపకురాలు